పైన నాలుగు కుండలు, కింద పొయ్యి ఏది?

బ్రిటన్‌లో పాత ఇల్లు కొనబోయేవాళ్లు గుమ్మం తొక్కకముందే చేయదగిన పరీక్ష ఒకటుంది. పైసా ఖర్చు లేదు. రోడ్డుకు అవతలి పక్కన నిలబడి తలెత్తి చూడాలి. ఇంటి కప్పు మీద ఇటుకల చిమ్నీ, దాని నెత్తిన వరసగా అడుగులేని మట్టికుండలు కనిపిస్తాయి. అక్కడివాళ్లు కూడా వాటిని కుండలనే అంటారు, చిమ్నీ పాట్‌లని. మామూలుగా ఒక్కో కుండ కింద ఒక్కో పొగదారి, ఆ దారి అడుగున ఒక్కో ఫైర్‌ప్లేస్. పక్కింటితో కలిసిన చిమ్నీ అయితే సగం కుండలు మనవి, సగం వాళ్లవి. ఆ లెక్క గుర్తుపెట్టుకుని లోపలికి వెళ్లాలి.

పైన నాలుగు కుండలున్నాయనుకుందాం. మనవైపు రెండు పొయ్యిలు ఉండాలి. కింద హాల్లో ఒకటి, సరిగ్గా దాని మీద పడగ్గదిలో ఒకటి. హాల్లోకి వెళితే గోడ నున్నగా, చదునుగా ఉంది. దానికి పెద్ద టీవీ బిగించారు. మెట్లెక్కి పడగ్గదిలోకి వెళితే అదే గోడలోంచి ఓ ఇటుక దిమ్మ అడుగుకు పైగా ముందుకు పొడుచుకొచ్చి, నేల నుంచి సీలింగ్ దాకా నిలబడి ఉంది. దానికి పూల కాగితం అతికించి, ముందు ఓ అద్దం పెట్టారు. చూడ్డానికి ముచ్చటగానే ఉంది.

కింద లేని దిమ్మ పైన ఉంది. మరి పైనున్నది దేని మీద నిలబడింది? ఇల్లు చూపించే ఏజెంటు ఈ మాట ఎత్తడు. కొనేవాళ్లే అడగాలి.

దిమ్మ కథ

ఆ దిమ్మను ఇంగ్లిష్‌లో చిమ్నీ బ్రెస్ట్ అంటారు. గదికో చలిమంట వేసుకోవాల్సిన అగత్యం మనకు లేదు కాబట్టి తెలుగులో దానికి పేరు పుట్టలేదు. చిమ్నీ దిమ్మ అందాం. చలిదేశంలో మాత్రం ఒకప్పుడు ఇంటి హోదాకు అదే కొలత. 1662లో ఇంగ్లండ్‌లో పొయ్యి పన్నే వేశారు. ఒక్కో పొయ్యికి ఏడాదికి 2 షిల్లింగులు. వసూలుదార్లు ఇళ్లలోకి వచ్చి పొయ్యిలు లెక్కపెట్టేవాళ్లు. జనం ఎంత విసుక్కున్నారంటే 1689లో దాన్ని ఎత్తేయాల్సి వచ్చింది. మధ్యలో 1666లో లండన్ తగలబడింది. ఆ తర్వాత వచ్చిన చట్టం, నగరంలో కొత్త ఇళ్లను కొయ్యతో కాదు, ఇటుకతోనో రాతితోనో కట్టమంది.

విక్టోరియా రాణి కాలానికి, అంటే 19వ శతాబ్దానికి, ఊళ్లకు ఊళ్లు టెర్రస్ ఇళ్లతో నిండిపోయాయి. టెర్రస్ అంటే మన డాబా కాదు. ఒకదాని భుజం ఒకటి రాసుకుంటూ వీధి పొడవునా కట్టిన ఇళ్ల వరస. రెండిళ్ల మధ్య ఒకే గోడ, మన వాడుకలో చెప్పాలంటే ఉమ్మడి గోడ. ఆ గోడకు ఇటువైపు మన దిమ్మ, అటువైపు పక్కింటి దిమ్మ వీపూ వీపూ ఆనించి పైకి లేస్తాయి.

కింది గది పొయ్యి నుంచి బయలుదేరిన పొగదారి పైగదిలో ఉన్న పొయ్యిని తప్పించుకుని పక్కకు వంగి, మళ్లీ నిటారుగా సాగుతుంది. అందుకే పడగ్గది దిమ్మలో రెండు దారులుంటాయి. ఒకటి తనది, ఒకటి కింది గదిది. పైకి వెళ్లేకొద్దీ దారులన్నీ దగ్గరై, అటకలో కలిసి, కప్పు దాటాక ఒకే చిమ్నీగా బయటపడతాయి. ఇదంతా పునాది నుంచి ఇటుక మీద ఇటుక పేర్చుకుంటూ వచ్చిన కట్టడం. పైదాని బరువు కిందిది మోయాలి. బరువు మోయడానికని కట్టిన ఆధారం అదొక్కటే.

1952 డిసెంబరు 5 నుంచి 9 దాకా లండన్‌ను కమ్మేసిన పొగమంచు ఈ పొయ్యిలకు చరమగీతం పాడింది. ఇంటింటి బొగ్గు పొగ, ఫ్యాక్టరీల పొగ, గాలి కదలని చలి కలిసి ఊపిరాడనివ్వలేదు. అప్పటి లెక్కలో సుమారు 4,000 మంది పోయారు. తర్వాతి అధ్యయనాలు ఆ సంఖ్యను 12,000 దాకా తీసుకెళ్లాయి. 1956లో స్వచ్ఛమైన గాలి చట్టం వచ్చింది. ఆ వెనకే గ్యాసు బాయిలరు, గోడకు రేడియేటర్లు వచ్చాయి. పొయ్యి చల్లారింది. గదిలో చోటు తినేస్తూ దిమ్మ మాత్రం మిగిలింది. దాంతో సుత్తి, ఉలి బయటికొచ్చాయి. హాలు విశాలం కావాలని కింది దిమ్మ కొట్టేశారు. పైది కొట్టాలంటే కప్పు విప్పాలి, పక్కింటివాళ్లతో మాట్లాడాలి. అందుకని చాలా ఇళ్లలో పైదాన్ని అలాగే వదిలేశారు.

అయిదు చదరపు అడుగుల బేరం

ఎంత బరువును గాల్లో వదిలేశారో ఓ లెక్క వేద్దాం. దిమ్మ వెడల్పు 1.4 మీటర్లు, ముందుకు పొడుచుకొచ్చింది 0.35 మీటరు, పడగ్గది ఎత్తు 2.5 మీటర్లు అనుకుందాం. హెచ్చిస్తే సుమారు 1.2 ఘనపు మీటర్లు. లోపలి పొగదారుల ఖాళీ తీసేస్తే ఇంచుమించు 1 ఘనపు మీటరు ఇటుక. ఇటుక కట్టడం ఘనపు మీటరుకు సుమారు 1,900 కిలోలు తూగుతుంది. అంటే పడగ్గదిలోనిదే దాదాపు 1.9 టన్నులు. అటకలోని భాగం, కప్పు మీది చిమ్నీలో మన సగం కలిపితే మరో టన్ను. మొత్తం దగ్గర దగ్గర 3 టన్నులు, అంటే రెండు పెద్ద కార్లు.

దీనికి బదులుగా హాల్లో దొరికిన చోటు 1.4 ఇంటూ 0.35, అర చదరపు మీటరు. మన కొలతలో అయిదు చదరపు అడుగులు. సోఫా ఓ జానెడు వెనక్కి జరపడానికి మూడు టన్నుల కింద ఆసరా లాగేశారన్నమాట.

డాక్టర్లుగా, ఐటీ ఉద్యోగులుగా అక్కడికి చేరి ఇలాంటి ఇళ్లు కొనే తెలుగువాళ్లకు ఇక్కడో చిక్కుంది. హైదరాబాద్, విజయవాడ అపార్ట్‌మెంట్లలో బరువంతా కాంక్రీటు పిల్లర్లు, బీములు మోస్తాయి. మధ్యలోని ఇటుక గోడ చాలామటుకు తెర మాత్రమే. రెండు గదులు కలపాలంటే గోడ కొట్టేస్తాం, పైఅంతస్తుకు ఏమీ కాదు. ఆ అలవాటుతో చూస్తే విక్టోరియన్ ఇల్లు మనల్ని మోసం చేస్తుంది. అక్కడ పిల్లర్లు లేవు. గోడే పిల్లరు. మన పాత మండువా ఇళ్లలో సున్నంతో కట్టిన మందపు గోడలు ఎలాగో, అక్కడా అంతే. ఏ ఇటుక తీసినా, దాని మీది బరువుకు నేలదాకా మరో దారి చూపించాలి.

మరి ఇన్నాళ్లూ ఎందుకు పడలేదు?

అమ్మేవాళ్లు ఎప్పుడూ చెప్పే మాట ఇది: ‘ముప్ఫై ఏళ్లుగా ఇలాగే ఉంది. పడేదుంటే ఎప్పుడో పడేది.’

ముప్ఫై ఏళ్లు నిలబడిన మాట నిజమే. ఎలా నిలబడిందో చూస్తే ఆ ధీమా సడలుతుంది. దిమ్మలోని ఇటుకలు వెనక ఉమ్మడి గోడలోకి పళ్లు దిగినట్టు అల్లుకుని ఉంటాయి. కింద ఆసరా పోయాక బరువంతా ఆ అల్లికకు వేలాడుతుంది. పాత సున్నపు అతుకు కొంత పట్టు ఇస్తుంది. ఇటుకకు ఇటుక రాపిడి కొంత ఇస్తుంది. అంచుల మధ్య కమాను కట్టినట్టు బరువు కొంత పక్కలకు జారుతుంది. ఇటుక కట్టడం నొక్కుడును బ్రహ్మాండంగా ఓర్చుకుంటుంది. లాగుడును, కోతను ఓర్చుకోవడం దాని వల్ల కాదు. ఇక్కడ దాన్ని రోజూ ఆ రెండో పరీక్షకే కూర్చోబెట్టాం.

కొన్నిచోట్ల దిమ్మ అడుగున ఓ చెక్క దూలం తోసి వదిలేస్తారు. చెక్కకు ఓ గుణముంది. బరువు పెరగకపోయినా, ఏళ్ల తరబడి అదే బరువు మోస్తే నెమ్మదిగా వంగుతూనే ఉంటుంది. పుస్తకాలు నింపిన అలమరలో పలక నడుం వంగడం చూసేవుంటారు. ఇక్కడ పుస్తకాల బదులు ఇటుకలు. పైగా చిమ్నీలోంచి చెమ్మ దిగితే చెక్క పుచ్చుతుంది.

ఇలాంటి ఏర్పాటు మామూలు రోజుల్లో నిలబడుతుంది. పరిస్థితి మారిన రోజు చెప్పలేం. పక్కింటివాళ్లు తమ దిమ్మ కొట్టిస్తారు, లేదా మనం అటకను గదిగా మార్చబోతాం, లేదా పెద్దగాలి చిమ్నీని ఊపుతుంది. ఇన్నాళ్లూ సరిపోయిన పట్టు ఆరోజు చాలకపోవచ్చు.

బిందె, కావడి

కాస్త తెలిసిన మేస్త్రీలు దిమ్మ కింద రెండు ఇనుప బ్రాకెట్లు బిగిస్తారు. గోడకు ఓ నిలువు కడ్డీ, దానికి అడ్డంగా ఓ చెయ్యి, రెంటినీ కలుపుతూ ఏటవాలు కడ్డీ. ఆకారం ఉరికంబంలా ఉంటుంది కాబట్టి ఇంగ్లిష్‌లో ఆ పేరే పెట్టారు, గాలోస్ బ్రాకెట్ అని.

నీళ్ల బిందెను చంకనెత్తుకుంటే పావు మైలు నడవొచ్చు. అదే బిందెను చెయ్యి చాపి పట్టుకోమంటే నిమిషం కష్టం. బిందె బరువు మారలేదు, ఒంటి నుంచి దూరం మారింది. బ్రాకెట్ చేసేది చెయ్యి చాపి పట్టుకునే పనే. మన లెక్కలోని 3 టన్నులూ దాని మీదే పడ్డాయనుకుందాం. దిమ్మ బరువు మధ్యబిందువు గోడకు సుమారు 17 సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది. బ్రాకెట్ ఎత్తు 50 సెంటీమీటర్లనుకుంటే, పైబోల్టులను గోడలోంచి బయటికి పీకే బలం 3 ఇంటూ 17 బై 50, అంటే ఒక టన్ను. నూరేళ్ల నాటి మెత్తటి ఇటుకలో, పొడిపొడిగా రాలే సున్నంలో దిగిన బోల్టులను ఒక టన్ను బలం పగలూ రాత్రీ లాగుతూ ఉంటుంది.

ఆ గోడ కూడా మనొక్కరిది కాదు. చాలా టెర్రస్ ఇళ్లలో అది 9 అంగుళాల గోడే. దాన్ని కావడి మోసేవాడి భుజం అనుకోండి. ఇటు మన దిమ్మ, అటు పక్కింటి దిమ్మ. రెండూ ఉన్నంతకాలం తూకం కుదురుతుంది. ఒకవైపు బుట్ట తీసేస్తే మోసేవాడు రెండోవైపు ఒరుగుతాడు. అందుకే ఈ బ్రాకెట్లను చాలా స్థానిక సంస్థలు ఒప్పుకోవు. ఒప్పుకునే చోటా షరతులుంటాయి. గోడ కనీసం 9 అంగుళాలుండాలి, ఇటుక, అతుకు గట్టిగా ఉండాలి, దిమ్మ మరీ ముందుకు రాకూడదు, పక్కింటి దిమ్మ కింద నుంచి పైదాకా చెక్కుచెదరకుండా ఉండాలి. ఆఖరి షరతు మన చేతిలో లేదు. ఈరోజు ఉన్న పక్కింటి దిమ్మ, రేపు వాళ్లబ్బాయి ఇల్లు బాగుచేయించుకుంటే ఉంటుందన్న హామీ ఎవరిస్తారు?

టార్చి పట్టుకుని అటకలోకి

కుండల లెక్క అయ్యాక లోపల చూడాల్సినవి ఇంకొన్ని. హాల్లో కార్పెట్ అంచు ఎత్తితే, పొయ్యి ముందు రాతిపలక ఉండిన చోట చిన్న చిన్న చెక్కముక్కలు అతికినట్టు కనిపిస్తాయి. గోడ అడుగున చెక్కపట్టీ దిమ్మ ఉండిన మేర కొత్తగా ఉంటుంది. పైన సీలింగ్‌లో చతురస్రంగా ఓ మాసిక. పడగ్గదిలో దిమ్మకు, సీలింగ్‌కు మధ్య సందు విడిందా, దిమ్మ మీద మెట్లుమెట్లుగా పగుళ్లు సాగాయా, దాని పక్కన నేల వాలిందా చూడాలి. నేల మీద ఓ గోలీ వదిలితే వాలు అదే చెబుతుంది.

పడగ్గదిలోనూ దిమ్మ లేదంటే హాయిగా ఊపిరి పీల్చుకోకూడదు. కుండలు పైన ఉన్నాయిగా. అటక ఎక్కాల్సిందే. టార్చి వెలుగులో ఉమ్మడి గోడ వెంట చూపు సారిస్తే, మసిపట్టిన ఇటుకలు పైనుంచి దిగొచ్చి ఓ చోట ఆగిపోతాయి. ఆగిన చోట ఏముందన్నదే అసలు సంగతి. ఇనుప దూలం ఉంటే దాని రెండు చివరలూ ఎక్కడ ఆనాయో చూడాలి. కప్పు వాసాలకు కట్టిన చెక్కముక్క ఉంటే గుండె రాయి చేసుకోవాలి. అడుగున ఖాళీ, మీద ఇటుక, మధ్యలో బూజు తప్ప మరేమీ లేకపోతే, మెల్లగా కిందికి దిగి ఇంజినీరుకు ఫోన్ చేయాలి.

చెమ్మ మరకలూ కథ చెబుతాయి. నూరేళ్ల బొగ్గు పొగ ఇటుకల్లోకి లవణాలను ఎక్కించింది. అవి గాల్లోని తేమను పీల్చుకుంటాయి, వానాకాలంలో మన ఉప్పు జాడీ చెమర్చినట్టే. పొగదారిని పైనా కిందా గాలి ఆడకుండా మూసేస్తే ఆ తేమ పసుపు, గోధుమ మరకలుగా గోడ మీదికి తేలుతుంది. రంగు ఎన్నిసార్లు వేసినా మళ్లీ వస్తుంది. అందుకే వాడని కుండకు వాన పడని, గాలి ఆడే మూత పెడతారు. దిమ్మ అడుగున గాలి జాలీ ఉంచుతారు. బయట చిమ్నీ ఓ పక్కకు వంగిందంటే అక్కడా రసాయనమే. పొగలోని గంధకం తడితో కలిసి సల్ఫేట్లుగా మారి, సిమెంటు అతుకులను ఉబ్బిస్తుంది. తడి ఎక్కువగా ఉండే వైపు అతుకులు ఎక్కువ ఉబ్బుతాయి. చిమ్నీ రెండోవైపు వంగుతుంది. వంగిన చిమ్నీ, కింద ఆసరా లేని దిమ్మ రెండూ ఒకే ఇంట్లో ఉంటే ఇక ఆలోచించేదేముంది?

కాగితం ఏం మోస్తుంది?

ఇంగ్లండ్, వేల్స్‌లలో చిమ్నీ దిమ్మ తీయడం భవన నిబంధనల కిందికి వచ్చే పని. తనిఖీ చేయించి ధ్రువపత్రం తీసుకోవాలి. 1996 నాటి ఉమ్మడి గోడల చట్టం ప్రకారం ఉమ్మడి గోడ జోలికి వెళ్లేముందు పక్కింటికి రెండు నెలల ముందుగా నోటీసు ఇవ్వాలి. పాతకాలపు తొలగింపుల్లో ఈ కాగితాలు తరచూ ఉండవు. 1985 నవంబరు 11 తర్వాత అనుమతి లేకుండా చేసిన పనికి, ఇప్పుడైనా తనిఖీ చేయించి క్రమబద్ధీకరణ పత్రం తీసుకునే వీలుంది. తనిఖీకి వచ్చినవాళ్లు సీలింగ్ విప్పి చూపించమనవచ్చు. ఆసరా లేకపోతే కట్టించమంటారు.

ఈ బాదరబందీ తప్పించుకోవడానికి లాయర్లు ఓ అడ్డదారి చూపిస్తారు, ఇండెమ్నిటీ బీమా. కాస్త డబ్బు కడితే పాలసీ వస్తుంది, బ్యాంకు సంతృప్తి పడుతుంది, ఇల్లు చేతులు మారుతుంది. ఆ పాలసీ దేనికి? అనుమతి లేని పని చేశారని స్థానిక సంస్థ చర్య తీసుకుంటే కలిగే నష్టానికి. దిమ్మ కూలితేనో, దూలం వేయించాల్సి వస్తేనో అయ్యే ఖర్చు సాధారణంగా దాని పరిధిలో ఉండదు. పాలసీ కాగితం మూడు టన్నులు మోయదు. మరో తిరకాసు, స్థానిక సంస్థను ముందే సంప్రదిస్తే మామూలుగా ఆ పాలసీ దొరకదు. కాబట్టి వరస ముఖ్యం. మొదట ఇంజినీరు, తర్వాత లాయరు, ఆ తర్వాతే స్థానిక సంస్థకు ఫోను.

బ్యాంకు పంపే మనిషి అప్పుకు ఇల్లు సరిపోతుందా అని చూస్తాడు, ఇంటి ఆరోగ్యం కాదు. మనం డబ్బిచ్చి పెట్టుకునే సర్వేయరు వివరంగా చూస్తాడు. అయినా ఎదుటివాళ్ల ఇంట్లో గోడ విప్పడు. ‘దిమ్మ తీసినట్టుంది, ఆసరా నిర్ధారించుకోండి’ అని రాస్తాడు. ఆ వాక్యం చదివి పేజీ తిప్పేయకూడదు. అమ్మేవాళ్ల ఒప్పుదలతో స్ట్రక్చరల్ ఇంజినీరు నేల పలక ఒకటి లేపి, లేదా సీలింగ్‌లో చిన్న రంధ్రం చేసి సన్నటి కెమెరా దూరిస్తే గంటలో తేలిపోతుంది.

దారి చూపించడం

ఆసరా లేదని తేలితే భయపడి పారిపోనక్కర్లేదు. ఇది మందున్న జబ్బే. ముందు ఇనుప జాకీలతో దిమ్మను కింద నుంచి పట్టి నిలుపుతారు. తర్వాత ఉమ్మడి గోడకు సమాంతరంగా, దిమ్మ ముందు అంచు కింద ఉక్కు దూలం తోస్తారు. దాని ఒక చివర ముందు గోడ మీద, రెండోది ఇంటి నడిమి గోడ మీద ఆనుతుంది. దూలం చివరను నేరుగా పాత ఇటుక మీద పెట్టరు. చేయి వెడల్పు చోటులో టన్నున్నర కూర్చుంటే మెత్తటి ఇటుక నలుగుతుంది. అడుగున దానికి మూడింతల పొడవైన కాంక్రీటు దిమ్మె ఉంచితే, ఒక్కో ఇటుక మీద ఒత్తిడి మూడోవంతుకు తగ్గుతుంది. దూలానికి సందు లేకుండా ఇటుకను బిగించాలి. నిప్పుకు అరగంటైనా తట్టుకునేలా దూలానికి జిప్సం పలకల కవచం తొడగాలి. రెండోదారి, పైనుంచి కిందిదాకా మిగిలినదంతా విప్పేయడం. ఉమ్మడి చిమ్నీ అయితే దానికి పక్కింటి ఒప్పుదల కావాలి. వాళ్ల పొగదారి గోడకు చిల్లి పడకుండా చూడాలి. అక్కడ ఇంకా మంట వెలుగుతుంటే ఆ చిల్లిలోంచి మనింట్లోకి వచ్చేది కార్బన్ మోనాక్సైడ్.

ఖర్చెంతో ఇంజినీరు నివేదిక, మేస్త్రీ అంచనా చేతికి వచ్చాక బేరం మొదలుపెట్టొచ్చు. అమ్మేవాళ్లు పని చేయించి ధ్రువపత్రంతో అమ్మాలి, లేదా ఆ మేరకు ధర తగ్గించాలి. రెంటికీ ఒప్పుకోకపోతే, కుండలు సరిపోయే ఇల్లు పక్క వీధిలో ఉంటుంది.

పని అయ్యాక చేయాల్సింది ఒకటి మిగులుతుంది. పలకలు కప్పి, రంగు వేశాక ఆ దూలం మళ్లీ ఎవరికీ కనిపించదు. గోడ మళ్లీ నున్నగా, ఏమీ జరగనట్టు నిలబడుతుంది. అందుకే మూయకముందే ఫోటోలు తీయాలి. అందులో దూలం రెండు చివరలూ కనిపించాలి. ఇంజినీరు లెక్కల కాగితం, ధ్రువపత్రం, ఆ ఫోటోలు కలిపి ఇంటి దస్తావేజుల ఫైల్లో పెట్టాలి. ఎప్పుడో ఒకరోజు మరొకరు రోడ్డుకు అవతల నిలబడి, తలెత్తి, కుండలు లెక్కపెడతారు. పొయ్యి ఏదని అడగడానికి లోపలికి వస్తారు. ఆ ఫైలు తీసి వాళ్ల చేతికిస్తే చాలు.